విమానం రాని సాయంత్రం, బార్కస్ మిద్దె మీద

ఎనభైల మొదట్లో నేను మొదటిసారి విమానం ఎక్కాల్సిన రోజది. మద్రాసు ఆఫీసులో ఒక ఫైలు ఇచ్చి రావడానికి మా పై అధికారికి కుదరక, గుమాస్తానైన నన్ను పంపారు. సాయంత్రం నాలుగున్నర విమానానికి పొద్దున పదకొండింటికే సూట్‌కేసు పట్టుకుని బేగంపేట విమానాశ్రయంలో కూర్చున్నాను. కోనసీమవాడి తొందర మరి! కౌంటర్లో ఆయన తాపీగా చెప్పాడు. ఇండోనేషియా వైపు అగ్నిపర్వతం బద్దలై బూడిద ఎగుస్తోందట, మద్రాసు నుంచి సింగపూర్ విమానాలు ఆపేశారట, వాటికి జనాన్ని చేర్చే మా విమానం కూడా మూడు రోజులు లేదట. ఎక్కడి కొండ, ఎక్కడి గుమాస్తా! అద్దెగదికి తిరిగి వెళ్తే పక్కగదివాళ్లు నవ్వుతారు. అందుకని, మా ఆఫీసులో చౌకీదారుగా చేసి రిటైరైన ఉమర్ చాచా ఎన్నోసార్లు రమ్మని పిలిచిన, చార్మినార్ అవతలి బార్కస్‌కు బయల్దేరాను.

మీరూ ఈ దారినే వెళ్లండి, ఇంతకన్నా మంచిది లేదు. సిటీబస్సులో అఫ్జల్‌గంజ్ చేరేసరికి పన్నెండున్నర. అక్కడ అర్ధరూపాయికి ఇరానీ చాయ్ తాగి, నయాపుల్ మీదుగా మూసీ దాటి, చార్మినార్ దాకా నడిచాను. సూట్‌కేసు లేకపోతే ఇరవై నిమిషాలు, ఉంటే నలభై. అక్కడినుంచి బార్కస్‌కు మళ్లీ బస్సు, అరగంట. దారిపొడుగునా నా కథ అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుంటూనే ఉన్నాను. చాయ్ దుకాణంలో నవ్వారు. బస్సు కండక్టరైతే టికెట్ కొట్టడం ఆపి మరీ నవ్వాడు.

"ఏందన్నా, ఏడనో కొండ పలిగితే నువ్వు గాలిమోటరు దిగి మా బస్సెక్కినవా? మస్తుగుంది పో!"

బస్సంతా గొల్లుమంది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఇక ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని.

రెండింటికి ఉమర్ చాచా ఇల్లు దొరికింది. ఆయన ముత్తాత నిజాం ఫౌజులో చేరడానికి అరబ్బు దేశం నుంచి వచ్చాడట. చాచా కళ్లకు పొర కమ్మి, వెలుగు తప్ప ఏమీ ఆనడం లేదు. నా గొంతు గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆవో గుమాస్తా సాబ్! గీ పెట్టె ఏంది, ఏడికి పోతున్నవ్?" అని అడిగాడు. "రాత్రి రైలుకు ఊరెళ్తున్నాను చాచా" అని మేకపోతు గాంభీర్యంతో అబద్ధమాడాను.

ఆయన కూతురు హలీమా పెట్టిన అన్నం తిని ముగ్గురం మిద్దె ఎక్కాం. చెక్కగూట్లో పన్నెండు పావురాలు. తలుపు తీయగానే బుర్రున లేచిపోయాయి. ముందు తెల్లది, మోతీ. అది ఎటు పోతే మిగతావి అటే. "కండ్లు పోయినా ఫికర్ లేదు సాబ్. రెక్కల చప్పుడు చాలు, మోతీ ఏడుందో చెప్త" అన్నాడు చాచా. హలీమా పని చూసుకోవడానికి కిందికి దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆకాశంలో మబ్బుతునక లేదు. నాలుగున్నర అయింది. నేను ఎక్కాల్సిన విమానం ఆ ఇళ్లమీదుగానే మద్రాసు వైపు తిరిగి పోవాలి, రాలేదు. అంత నిశ్శబ్దం ఆ ఊళ్లో నేనెప్పుడూ వినలేదు. చాచా సాయంకాలపు అసర్ నమాజు మిద్దె మీదే చేసుకుని, దానా గింజల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు హాయిగా ఉంది. పరువు దక్కింది, పైగా ఇంత ఆకాశం.

పొద్దు వాలింది. హలీమా పైకి వచ్చింది. "అబ్బాజాన్, ఇంకా దించలేదేంది? చీకటైతున్నది, ఇగ వాటికి గూడు కానరాదు!"

"విమానం పోనీ బేటీ. సర్కారు విమానం, ఇయ్యాల లేటైనట్టుంది."

గబుక్కున ఆయన వైపు తిరిగాను. "ఏ విమానం చాచా?"

"మద్రాసుది. గది మోగంగనే దానా చల్లుత. గట్లనే నేర్పిన. ఇప్పుడు సీటీ కొట్టినా దిగవు సాబ్, విమానం మోగాలె."

"చాచా... విమానం లేదు. మూడు రోజులు రాదు. నేను దానిలోనే పోవాల్సింది."

చాచా గబగబా లేచి నిలబడి ఈల వేశాడు. "ఆవ్ ఆవ్" అని గొంతు పోయేలా పిలిచాడు, గింజలన్నీ గుమ్మరించాడు. రెండు దిగాయి. మిగతావి మోతీ వెనకే ఇంకా పైకి పోయాయి. సూర్యాస్తమయపు మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి చీకట్లో ఏదీ కనిపించలేదు. చాచా ఆకాశం వైపు చెవి పెట్టి నిలబడే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నాలుగోరోజు విమానం ఎగిరింది. కిటికీలోంచి కిందికి చూశాను, అన్నీ ఒకేలాంటి మిద్దెలు.

తిరిగొచ్చిన మర్నాడే బార్కస్ వెళ్లాను. చాచా నెమ్మదిగా చెప్పాడు. "విమానం మోగింది సాబ్. దానా చల్లిన. ఐదు దిగినయ్. మోతీ రాలే."

"ఆ విమానంలో నేనే ఉన్నాను చాచా."

చాచా పొర కమ్మిన కళ్లు నా వైపు తిప్పాడు. "అంత మీదికి పోయినవ్ గద సాబ్. ఏడనన్న కనపడ్డదా?"

ఆ రోజు నేను నవ్వులపాలవడానికి భయపడ్డాను. దారిన పోయే ప్రతివాడికీ చెప్పిన మాట, అవసరమున్న ఒక్కడి దగ్గరే దాచాను. నిర్మలమైన ఆకాశం చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. మీరు బార్కస్ వెళ్తే మధ్యాహ్నం రెండులోపు చేరండి, బరువు మోసుకెళ్లకండి. పావురాల మిద్దె ఎక్కనిస్తే మాత్రం, ఎక్కేముందే మీకు తెలిసిన కబురల్లా చెప్పేయండి, నవ్వితే నవ్వనీ.