కొమురెల్లి కలిపిన నీలం

మంథనిలో ఇళ్లకు సున్నం వేసే కొమురెల్లి రంగు కలుపుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. సున్నపు బొక్కెనలో నీలిమందు, దీపపు మసి చిటికెలతో వేసి, కట్టెతో తిప్పి, గోరు మీద చుక్క పెట్టుకుని ఎండలో చూసేవాడు. ఆరాక ఏ రంగు తేలుతుందో ముందే చెప్పేవాడు. నలభై ఏళ్లలో ఆయన మాట తప్పలేదు.

ఆ ఎండాకాలం సరోజన పంతులమ్మ తన గదికి బూడిదనీలం అడిగింది. కొమురెల్లి గోడ మీద రెండు పట్టీలు వేసి, ఆరాక ఆమెను పిలిచాడు. "ఏది వెయ్యమంటవు బిడ్డా? రెంటికి జరంతనే తేడా."

సరోజన రెండు పట్టీలనూ వేలితో చూపించింది. "జరంత ఏంది తాతా? ఎడమది నెమలిమెడ రంగు, కుడిది ఇంక ముదురు. నేనడిగిన బూడిదనీలం ఏది?"

కొమురెల్లి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చూశాడు. రెండూ బూడిద రంగుగానే ఉన్నాయి. నీలం తేలడం లేదనే కదా చిటికె వెనుక చిటికె వేస్తూ పోయాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. అదే బూడిద.

"పోయిన నెల ఏసిన ఇండ్లు?" అన్నాడు.

"అన్నీ గిట్లనే ఉన్నయి తాతా. నువ్వు కావాలనే ఏసినవనుకున్నరు. నిన్నెవరడుగుతరు?"

ఆయన గోడవారన కూలబడ్డాడు. చాలాసేపటికి లేచి, కొత్తగా సున్నం పోసి, నీలిమందు పొట్లం ఆమె చేతికిచ్చాడు. "నువ్వే ఎయ్యి బిడ్డా. సాలనిపిస్తె చెప్పు."

సరోజన చిటికెడు వేసింది. కొమురెల్లి బొక్కెనలోకి చూడకుండా, ఆమె ముఖమే చూస్తూ కట్టె తిప్పాడు.