బికాజ్ తరువాతి ఖాళీ

వాగ్దేవికి నమస్కరించి, చైత్ర బహుళ తదియనాడు కవిటిలో వ్రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళు మోసే పని నాది. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మా నాన్న ఊరిచివరి బావి నీళ్ళు తప్ప తాగేవారు కారు. ఆ దూరం నడవలేక, ఒక వేసవంతా నేను దగ్గరి తోటబావిలోనే బిందె ముంచి, దూరపు నీళ్ళేనని బొంకాను. వానలు పడేసరికి నాన్న పాదాలు పొంగాయి, ముఖం ఉబ్బింది, అన్నం సయించలేదు. టెక్కలి వైద్యుడు మూత్రపిండాలు చెడ్డాయన్నాడే గాని, ఎందువల్లనో చెప్పలేకపోయాడు. నాకు తెలుసుననుకున్నాను. ఎవరికీ చెప్పక, లోలోపల కుమిలిపోయాను.

పలాసలో ఇంటరు చదివిన పక్కింటి అక్క సాయంకాలాలు మాకు ఇంగ్లీషు చెప్పేది. ఒకనాడు ‘బికాజ్’ నేర్పి, అది కార్యాన్ని కారణంతో కట్టే ముడి అని, ఎవరింటి సంగతి వారిని దానితో వ్రాయమంది. ఒకడు వాన పడింది గనుక జీడిపిక్కలు ఆరలేదని వ్రాశాడు. నేను పలకమీద, నాన్నకు జబ్బు చేసింది, బికాజ్ నేను తోటబావి నీళ్ళు తెచ్చాను, అని వ్రాశాను.

అక్క చదివి, తక్కినవారిని పంపివేసింది.

“ఏటే ఇది? దేవుడొచ్చి నీ సెవిలో సెప్పాడేటి?”

“అబద్ధమాడి నానే తెచ్చానక్కా.”

“అబద్ధమాడ్డం తప్పే. ఎల్లి మీ నాన్నతో సెప్పు, తిట్టనీ. కానీ మా ఇంటిల్లిపాదీ తాగేది ఆ బావి నీళ్ళే కదే! దూరపు బావి నీళ్ళు తాగిన సివరింటి మావ కాళ్ళెందుకు పొంగాయి? తెలిసిందే రాయాల. తెలీకపోతే కాళీ ఒగ్గెయ్.”

తడివేలితో బికాజ్ తరువాతి మాటలు మాత్రం తుడిచివేసింది. ఆపైన నన్ను తోటబావికి తీసుకుపోయి, చేదతో నీళ్ళు తోడి, నా కళ్ళముందే దోసిలిపట్టి తాగింది.

ఇంటికి వచ్చి నాన్న మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. ఆయన నవ్వబోయి దగ్గారు.

“ఓసి దొంగా! ఆ నీళ్ళు సప్పగుంటాయి, నాకు తెలీదేటి? నీ కాళ్ళు నొప్పెడతాయని ఊరుకున్నాను.”

కార్తికం వెళ్ళకముందే నాన్న పోయారు. ఆనాటినుండి మా ఊళ్ళో ఇందరికి వచ్చే ఈ జబ్బుకు కారణం నీరని, మన్నని, మందులని, పాపమని ఎవరేమి చెప్పినా వింటాను. తెలియని కారణాన్ని ఎవరి నెత్తినా, నా నెత్తినైనా, పెట్టను. నా పలకమీద ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

మొన్న చైత్ర శుద్ధ ఏకాదశినాడు పక్కింటి అక్క అదే జబ్బుతో పోయింది. కారణం తెలియదు.