గిర్నిలో కుసుమల వాసన

ఎల్బీ నగర్ చౌరస్తా అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఆ సమ్మె రోజుల్లోనే చూశాను. తెలంగాణ కోసం అందరూ పనులు ఆపేశారు. తూర్పు జిల్లాల బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వెళ్లే కోచింగ్ సెంటర్‌కి షట్టర్ దించేశారు. ఇంట్లో కూర్చుని నోట్సు బట్టీ పట్టడం తప్ప నాకు వేరే పని లేదు. నాయినకు అదీ లేదు.

మాది నూనె గిర్ని. చౌరస్తా వెనక సందులో రేకుల షెడ్డు, దాన్ని ఆనుకునే మేం కిరాయికున్న ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఉన్నది నేనూ నాయినా. పల్లెల నుంచి రైతులు బస్సు టాపు మీద గింజల మూటలు వేసుకొచ్చి, మా దగ్గర ఆడించుకుని, నూనె, గింజ పిండగా మిగిలిన చెక్క రెండూ పట్టుకుపోయేవాళ్లు. నాయిన మొదటి ధార కింద వేలు పెట్టి, ముంజేతి మీద రుద్దుకుని వాసన చూసేవాడు. ఏ గింజో అందరూ చెప్పగలరు. అది ఏ వైపు నేలలో పండిందో కూడా ఆయన చెప్పేవాడు. రైతులు ముచ్చటపడేవాళ్లు. నాకు మాత్రం గొప్పలు పోతున్నాడనిపించేది.

నేను పెద్దయ్యేకొద్దీ మూటలు తగ్గాయి. ముందు కుసుమలు పోయాయి. ముళ్ల పంట, కోయడానికి కూలీలు దొరకరు, ధర రాదు అని రైతులే చెప్పారు. తర్వాత నువ్వులు. ఆ చేలల్లో కొన్నిటిలో పత్తి వేశారు, కొన్నిటిలో ప్లాట్ల రాళ్లు పాతారు. పల్లీలు మిగిలాయి, అవీ పలచబడ్డాయి. కిరాణా కొట్లో ప్యాకెట్ దొరుకుతుంటే మూట మోసుకుని ఇంత దూరం ఎవరొస్తారు? ఎవరినో అనడమెందుకు, మా ఇంట్లోనే రేషన్ పామాయిల్ వాడేవాళ్లం. ఆడించిన కూలి కింద మాకొచ్చిన మంచినూనెంతా అమ్మి నాయిన నా ఫీజులు కట్టేవాడు. గిర్ని ఆయన కూతుర్ని, బుద్ధెరిగాక పామాయిల్ పోపు తప్ప ఎరగను. అప్పట్లో అందులో నాకు వింతేమీ కనిపించలేదు.

విచిత్రమేమిటంటే సమ్మె రోజుల్లో నేను చదువుతున్న పాఠం నూనెగింజలే. పసుపు విప్లవం అంటే ఏమిటి, అది ఎందుకు నిలవలేదు, దేశం తినే నూనెలో ఎక్కువ భాగం ఓడల మీద ఎందుకొస్తోంది, అన్నీ గడగడా అప్పజెప్పేదాన్ని. నాయిన గుమ్మంలో కూర్చుని వినేవాడు.

"ఓడల ఒచ్చే నూనెకు వాసనుండదు బిడ్డా. గది గూడ రాస్కో."

"అది రాస్తే మార్కులెయ్యరు నాయినా," అని విసుక్కునేదాన్ని.

మిషన్ ఇచ్చేయమని పాత ఇనుప సామాన్ల ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లాడు. నాయిన ఎటూ తేల్చలేదు. ఇరవయ్యేళ్లకు పైగా నడిపిన మిషన్. అది పోతే ఆయన పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడో నేను ఊహించలేకపోయేదాన్ని.

సమ్మె రెండో వారంలో ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాం. కరెంటు లేదు. నాయిన ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"కుసుమలు ఆడుతున్నయ్," అన్నాడు.

"ఎక్కడ?"

"మన గిర్నిల."

ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. మిషన్ కదలడం లేదు. గింజలు పోసే తొట్టిలో సాలెగూడు కట్టి ఉంది. కుసుమలు మా గడప తొక్కి ఏళ్లయింది. నాయిన కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీలుస్తున్నాడు. నేనూ పీల్చి చూశాను. ఇనుము, దుమ్ము. అంతే.

మర్నాడు అదే వేళకు మళ్లీ. ఆ మర్నాడూ అంతే. ఎండ రేకుల మీదికి నిటారుగా వచ్చేసరికి ఆయన వెళ్లి ఆగిన మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేవాడు. ఒకసారి లేచి, ధార పడే చోట వేలు పెట్టి, ముంజేతి మీద రుద్దుకున్నాడు. ఆ చేతి మీద ఏమీ లేదు. నాకు చచ్చేంత భయమేసింది. ఆయన బుర్ర చెడితే ఇంత పెద్ద ఊళ్లో నాకెవరున్నారు?

మా పైవాటాలో కోస్తా నుంచి వచ్చిన పంతులమ్మ ఉండేది. వేసవి వస్తే ఆవకాయకి నువ్వులు తెచ్చి మా దగ్గరే ఆడించుకునేది. గొడవలు మొదలయ్యాక కిందికి రావడం తగ్గించింది. మేమూ పిలవలేదు, ఎవరి మొహమాటం వాళ్లది. ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మీదే నిలబడి అడిగింది.

"అన్నయ్యగారూ, ఏం ఆడిస్తున్నారండీ? నాలుగు రోజులుగా మా వంటింటి నిండా వాసన. నువ్వులూ కాదు, వేరుశనగా కాదు."

ఒక మనిషికి భ్రమ పట్టిందంటే నమ్మొచ్చు. పైనున్న మనిషికీ అదే భ్రమ ఎలా పడుతుంది?

"కుసుమలమ్మా," అన్నాడు నాయిన, ఎంత మామూలుగా అన్నాడో. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకు ఒస్తలేదా?"

ఒస్తలేదన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

ఆ సాయంత్రం చెప్పాడు. "నీకు గా వాసన తెలిస్తే మిషన్ ఉంచుత బిడ్డా. నువ్వు నౌకరి చేస్కో, పర్వాలేదు. పనోడ్ని పెట్టి నడిపియ్యొచ్చు. గనీ ఇంట్ల ఒక్కరికన్న తెల్వాలె. తెల్వకుంటే గిర్ని ఎట్ల నడుస్తది?"

నేను రాత్రంతా అదే ఆలోచించాను. ఒక్క అబద్ధంతో ఆయన మిషన్ ఆయనకుంటుంది. వాసనను ఎవరు పట్టి చూడొచ్చారు? రోజూ ఆయన చెప్పేది ఒకే గింజ. అదే చెప్తే సరిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పిలవకముందే వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయనలా కళ్లు మూసుకున్నాను. గట్టిగా పీల్చాను.

"నాయినా, ఒస్తుంది," అన్నాను. "కుసుమలే."

సంతోషపడతాడనుకున్నాను. కళ్లు తెరిచాను. ఆయన నన్నే చూస్తున్నాడు. కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"ఇయ్యాల మబ్బు పట్టింది బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఎండ లేదు. గీ నేల ఇన్నేండ్లు తాగిన నూనె, కాగితేనే పైకొస్తది. సమ్మెకు ముందు రోడ్డు మీది బస్సుల పొగల తెల్వకపోయేది. ఇయ్యాల నాక్కూడ ఒస్తలేదు."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రెండు రోజులకు పాత ఇనుప సామాన్ల ఆయన ట్రాలీ ఆటో వచ్చింది. బోల్టులు విప్పి మిషన్‌ను ముక్కలుగా ఎక్కించారు. అది ఉన్నచోట నేల నల్లగా, మెరుస్తూ బయటపడింది. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఆటో సందు మలుపు తిరిగిపోయిందో లేదో, పంతులమ్మ మెట్లన్నీ దిగి షెడ్డులోకి వచ్చింది. గొడవలు మొదలయ్యాక అదే మొదటిసారి.

"అన్నయ్యగారూ, ఇవాళ ఎప్పటికన్నా గట్టిగా వస్తోందండీ," అంది. ఖాళీ నేలను చూసి గొంతు తగ్గించింది.

"ఒస్తుందమ్మా," అన్నాడు నాయిన.

ఇద్దరూ ఆ నల్లటి నేల పక్కన నిలబడి చాలాసేపు గాలి పీల్చారు. నేను వాళ్ల మధ్యే ఉన్నాను. నీకు ఒస్తుందా అని నాయిన ఆ రోజు నన్ను అడగలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.