ఉప్పు చూసే మనిషి

బోధన్‌లో పెండ్లి కూర గంజు దించాలంటే ఆత్మారాం నాలుక అనుమతి కావాలి. మోదుగాకు దొప్పలో రెండు గంటెల పులుసు పోసి, ఉప్పు చూడమని ముందు ఆయనకే ఇచ్చేవారు. ఆయన కండ్లు మూసుకొని జుర్రి, తల ఊపిన తర్వాతే పంక్తి కూర్చునేది. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై యేండ్లు చెరకు బండ్లు తూచిన మనిషికి నలుగురిలో గౌరవం తెచ్చింది తూకం కాదు, నాలుక. అది తన గొప్పతనమనే ఆయన నమ్మాడు. నోట్లో ఉన్న కండ ముక్కకు గొప్పతనమేమిటన్న ప్రశ్న ఆయనకు ఏనాడూ తట్టలేదు.

అరవై దాటాయి. దవడ పండ్లు రాలాయి. జొన్నరొట్టె పులుసులో నానితే తప్ప గొంతు దిగడం మానింది. తీపి ఆడవాళ్ల తిండి అని ఎగతాళి చేసిన మనిషి బెల్లం ముక్క రొంటిన దాచుకోవడం నేర్చాడు. పాదాలు ఉబ్బితే నిజామాబాద్ డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఇదేదీ ఆయన లెక్కలో ముసలితనం కాదు. ముసలిదైంది లోకమే: యూరియా వడ్లకు రుచి లేదు, మేకలు మునుపటి ఆకు మేయడం లేదు, ఉప్పులోనే ఉప్పు లేదు. ఫ్యాక్టరీలో కాంటాను ఏటా సరిచూసేవారు. నాలుకను సరిచూసే ఇనస్పెక్టరు లేడు గనుక దాని తీర్పుకు అప్పీలు లేకపోయింది.

"చప్పగున్నదే! గడ్డి తిన్నట్టున్నది," అనేవాడు రోజూ భార్య గంగుబాయితో.

ఆమె బీడీల చాట పక్కకు జరిపి లేచేది. ఉప్పు చిప్పలో చెయ్యి పెట్టి, పిడికిలి పళ్లెం మీదికి తెచ్చి, మణికట్టు రెండుసార్లు విదిలించేది.

"గిప్పుడు సూడు."

"ఆఁ... గిప్పుడు కూరైంది. గిది మొదలే ఎయ్యరాదు?"

"నీ అసొంటి నాలుక నాకేడిది?" అనేది ఆమె, మళ్లీ చాట ముందు కూర్చుంటూ. ఆయన దాన్ని మెప్పుగానే పుచ్చుకునేవాడు.

ఆయన డెబ్బయ్యో ఏట, ఎడపల్లిలో ఒక పెండ్లి. వంట చేస్తున్న దేవన్న దొప్ప తెచ్చాడు. ఆత్మారాం తక్కువన్నాడు. పిడికెడు పడింది. మళ్లీ తక్కువన్నాడు. ఇంకో పిడికెడు.

"బాపూ, ఇగ సాలు గదా?"

"నాకు చెప్తున్నవారా? మీ నాయినకు ఉప్పేసుడు నేర్పిందే నేను!"

మూడో పిడికెడూ పడింది. మొదటి ముద్దకే పంక్తి గోల పెట్టింది.

"ఓ దేవన్నా, కూర వండినవా, తొక్కు పెట్టినవా?"

"నీళ్ల బిందె గిటు జరుపుండ్రి!"

పెండ్లిపిల్ల తండ్రి దేవన్నను అందరి ముందూ తిట్టాడు. "ఈ కాలపోళ్లకు ఉప్పు అరుగుతలేదు," అంటూ ఆత్మారాం రెండోసారి కూర పోయించుకున్నాడు. ఉప్పు ఎవరు వేయించారో దేవన్న బయటపెట్టలేదు. ఊరు దాన్ని మర్యాద అన్నది. పిరికితనానికి ఊరు పెట్టుకున్న పేర్లలో అదొకటి. మరునాడు ఆత్మారాం ఇంట్లోంచి దేవన్న బయటికి పోవడం ఆయన దూరం నుంచి చూశాడు. తప్పైందని చెప్పుకోవడానికి వచ్చి ఉంటాడనుకున్నాడు.

నెల తిరగ్గానే బోధన్‌లో మరో పెండ్లి. దొప్ప వచ్చింది. "తక్కువున్నది," అన్నాడు ఆత్మారాం. దేవన్న ఉప్పు సంచిలో చెయ్యి పెట్టి, పిడికిలి గంజు మీదికి తెచ్చి, మణికట్టు రెండుసార్లు విదిలించాడు. ఈసారి ఆత్మారాం పక్కనే ఉన్నాడు. నూనెతో తడిసిన ఆ అరచేతికి ఒక్క ఉప్పు రవ్వ అంటుకొని లేదు. ఆ విదిలింపు ఆయన రోజూ తన పళ్లెం మీద చూస్తున్నదే.

"ఏం బాపూ, పంక్తి కూసోవెట్టాల్నా?"

చెయ్యి ఖాళీ అని పైకి అంటే, నాలుక చచ్చిందని తానే ఒప్పుకోవాలి. రేపటి నుంచి దొప్ప మరొకరి ముందుకు పోతుంది. ఆయన మళ్లీ జుర్రాడు. ఇందాకటి రుచే.

"గిప్పుడు కుదిరింది," అన్నాడు.

"సూసిండ్రా, బాపు నాలుకంటే గట్లుంటది!" అన్నాడు దేవన్న చుట్టూ ఉన్నవాళ్లతో.

మరునాడు అన్నం వేళ గంగుబాయి పిడికిలి పళ్లెం మీదికి రాగానే ఆత్మారాం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె విదిలించడం పూర్తయిందనుకున్నాక ఇటు తిరిగి, ఒక ముద్ద తిని అన్నాడు:

"గిది మొదలే ఎయ్యరాదు?"