వేలు మేడమ్

వేలు మేడమ్ అంటే ఆ కాలేజీలో గేటు దగ్గరి వాచ్‌మన్‌కీ తెలుసు, ప్రిన్సిపాల్‌కీ తెలుసు. ఆ పేరు పెట్టింది ఎవరో మొదటి సంవత్సరం పిల్లలు. వాళ్ళు చదువులు ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఆమెకు అతుక్కుపోయింది. సర్క్యూట్స్ ల్యాబ్‌లో ఆమె పెట్టిన నియమం ఒక్కటే. బల్ల మీద తీగలు కలపడం అయ్యాక, కరెంటు ఇవ్వకముందు, కలిపినవాళ్ళు చూపుడువేలు, కరెంటు ఇచ్చే సప్లై పెట్టె ప్లస్ దగ్గర పెట్టాలి. కరెంటు ఎటు పోతుందో అటే వేలితో వెళుతూ, నోటితో చెబుతూ, తిరిగి మైనస్ దగ్గరకు రావాలి. ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదటికే. అంతవరకూ గోడకున్న మెయిన్ స్విచ్ మీద ఆమె చెయ్యి ఉంటుంది. ఎవరెంత బతిమాలినా ఆ చెయ్యి కదలదు.

ఇంజినీరింగ్ చదవడానికి వచ్చామా, అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చామా అని పిల్లలు గొణుక్కునేవాళ్ళు. వెనక బెంచీల వాళ్ళు ఆమె నడకనూ వేలునూ కలిపి అనుకరించి తెగ నవ్వుకునేవాళ్ళు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. ఆమె ల్యాబ్‌లో ఒక్క పిల్లకీ పిల్లాడికీ చెయ్యి కాలలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. జరగని ప్రమాదానికి మెచ్చుకునేవాళ్ళు ఎక్కడుంటారు?

ఆ ల్యాబ్ వెనక బ్లాకులో, స్కూటర్లు పెట్టుకునే రేకుల షెడ్డు పక్కన ఉండేది. కిటికీలకు గడియలు లేవు, గాలికి కొట్టుకోకుండా తాళ్ళతో కట్టేవాళ్ళు. బల్లల మీద పాత కాలిన మచ్చలు ఉండేవి. అవన్నీ ఆమె రాకముందువి. మీటర్లు ముసలివైపోయాయి. సప్లై పెట్టెలు ఇంకా ముసలివి. కొత్త పెట్టెలైతే ఎక్కడో తప్పు జరిగిందని తెలుసుకుని వాటంతట అవే ఆగిపోతాయి. వీటికి ఆ తెలివి లేదు. ఎంత అడిగితే అంతా ఇచ్చేసి, ఆఖరికి లోపలి ఫ్యూజు పోగొట్టుకుని చల్లబడతాయి. ఈలోగా తీగ ఎర్రబడి పైపూత కరిగిపోతుంది. ఆ తీగను పట్టుకున్నవాళ్ళ గతి ఏమిటో చెప్పక్కర్లేదు. కొత్తవి కొనమని ఆమె అడిగినప్పుడల్లా చూద్దాం అనేవారు. చూస్తూనే ఉన్నారు.

ఇంతా చేసి ఆమె అక్కడ టెంపరరీ. ప్రతి వేసవికీ ఉద్యోగం అయిపోయేది. కాలేజీ తెరిచినప్పుడు మళ్ళీ రమ్మనేవాళ్ళు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరిన మనిషి, పాపిట తెల్లబడే దాకా అలాగే వస్తూ పోతూ ఉంది. ప్రతి ప్రిన్సిపాలూ వచ్చే ఏడాది మీ సంగతి చూస్తానన్నవాడే. ఇంట్లో అత్తగారు ఈ విషయంలో మహా గట్టి మనిషి. కోడలు సెలవుల్లో వంటింట్లో కనిపిస్తే చాలు, "ఏమే, నిన్ను మళ్ళీ తీసేశారా?" అని అడిగేది. అది వేళాకోళమో, దిగులో కోడలికి ఎన్నడూ తేలలేదు. భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. బస్సు వచ్చిన వేళ, పోయిన వేళ తప్ప ఆయన నోటి వెంట పెద్దగా మాట వచ్చేది కాదు.

చివరికి ఆ పోస్టు నిజంగానే పడింది. సర్క్యూట్స్ కోర్సుకూ, ల్యాబ్‌కూ కలిపి ఒక పర్మినెంట్ లెక్చరర్. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది. వస్తే ఇక ఏ వేసవికీ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. రాకపోతే ఉన్నన్నాళ్ళూ ఇలాగే, ఒకరి దయ మీద. అప్లికేషన్ ఇచ్చి వచ్చిన రోజు అత్తగారు ఏ మాటా అనలేదు. దాంతో ఆమెకు భయం వేసింది.

పోటీకి వచ్చినవాళ్ళలో ఆమె దగ్గర చదువుకున్నవాడు ఒకడున్నాడు. ల్యాబ్‌లో అందరూ అతన్ని కళ్ళజోడు అనేవాళ్ళు. తెలివైనవాడు, పిరికివాడు. వేలు పెట్టి చెప్పేటప్పుడు గొంతు వణికేది. పెద్ద చదువు పూర్తిచేసి, ఇంకో కాలేజీలో ఇవే సర్క్యూట్లు కంప్యూటర్ తెర మీద చెబుతున్నాడు. అక్కడ బల్లలూ తీగలూ ఏమీ ఉండవు. తెర మీద బొమ్మ గీసి నొక్కితే జవాబు వస్తుంది. తప్పు కలిపితే ఎర్ర అక్షరాలు వస్తాయి, అంతే. వరండాలో కనిపించగానే వంగి దండం పెట్టి, మీరుండగా నేను రావడమే తప్పు మేడమ్ అన్నాడు. అంత మాటనకు, అందరికీ ఉద్యోగం కావాలి అని ఆమె అతని భుజం తట్టింది. నిజంగానే అంది. ఆ మాటలో కల్తీ లేదు.

పరీక్ష అదే ల్యాబ్‌లో పెట్టారు. చీటీ తీసి, అందులో ఏ ప్రయోగం వస్తే అది చేసి చూపించాలి. వేరే చోటి నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి, ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ముక్కు మీద కోపం. ఆమెది మొదటి వంతు. తడుముకోకుండా చేసింది. లెక్క ప్రకారం రావాల్సినదానికీ మీటరు చూపించినదానికీ ఉన్న కాస్త తేడా ఎందుకొచ్చిందో అడగకుండానే చెప్పింది. ప్రొఫెసర్ తల ఊపాడు. ఆయన తల ఊపడమంటే మాటలు కాదని ప్రిన్సిపాల్ మొహమే చెప్పింది.

ఆమె బయటికి పోబోతుంటే ప్రిన్సిపాల్ ఆపాడు. ల్యాబ్ అసిస్టెంటు సెలవులో ఉన్నాడట, ఈ పాత స్విచ్చులు ఇంకెవరికీ అలవాటు లేవట. మిగిలినవాళ్ళు చేసేదాకా మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి, అడిగినప్పుడు వేసి, అడిగినప్పుడు తీస్తే చాలన్నాడు. పోటీకి వచ్చిన మనిషినే పోటీకి కాపలా పెట్టడం ఎక్కడి న్యాయమని అక్కడ ఒక్కరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. పని చెబితే చేసెయ్యడం ఆమెకు ఒంట్లో ఇంకిపోయిన రోగం.

రెండోవాడు సర్క్యూట్ సగం కలిపి చేతులెత్తేశాడు. మూడోవాడు కళ్ళజోడు. అతని చీటీలో సూపర్‌పొజిషన్ వచ్చింది. రెండు సప్లై పెట్టెలున్న సర్క్యూట్‌లో ఒక్కొక్క పెట్టె ఎంత కరెంటు ఇస్తుందో విడివిడిగా కొలిచి, ఆ రెండూ కలిపితే మొత్తం వస్తుందని చూపించాలి. విడిగా కొలవాలంటే రెండో పెట్టెను పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టి, అది ఉన్న ఖాళీలో ఒక తీగ కలపాలి. కొత్త పిల్లలు ప్రతి ఏడూ చేసే తప్పు ఇక్కడే. పెట్టెను ఉన్నచోటే ఉంచేసి, దాని ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య తీగ బిగిస్తారు. స్విచ్ వేస్తే ఆ పెట్టెలోని కరెంటంతా ఆ ఒక్క తీగలోంచి పోతుంది.

కళ్ళజోడు అదే చేశాడు.

తెర మీదైతే రెండో పెట్టె మీద ఒక్కసారి నొక్కితే సరిపోతుంది. అది తప్పుకుంటుంది, తీగ దానంతట అదే వస్తుంది. ఇన్నేళ్ళ నుంచి అతని చేతికి అలవాటైన పని అది. పైగా ప్రొఫెసర్ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. చెమట పట్టి అద్దాలు జారుతున్నాయి. పెట్టె మీది మర వదులుగా ఉండటంతో తీగ కొసను ఎడమచేతి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. అలా పట్టుకునే తల తిప్పి, ఆమెకు మాత్రమే వినిపించేంత చిన్న గొంతుతో, "ఆన్ చెయ్యండి మేడమ్" అన్నాడు.

ఆమె కంటికి తప్పు ఎప్పుడో కనిపించింది. అది కనిపించడానికి ఆమెకు వేలు కూడా అక్కర్లేదు. వేసెయ్యి అని ఆమె లోపలే ఒక గొంతు అంది. అడిగినప్పుడు వెయ్యమన్నారు, అతను అడిగాడు, వేస్తే తప్పేముంది? పొగ వస్తుంది, ఫ్యూజు పోతుంది, ప్రొఫెసర్ లేచి నిలబడతాడు, పోస్టు తనది. అది అలా అంటూనే ఉంది. ఆమె కళ్ళు మాత్రం ఆ బొటనవేలి మీదే ఉన్నాయి.

"నాన్నా, వేలు పెట్టి ఒక్కసారి చూసుకో" అంది.

అతను చూసుకున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. గబగబా తీగ లాగేసి, పెట్టె ఊడదీసి పక్కన పెట్టి, ఉండాల్సిన చోట తీగ కలిపాడు. ప్రొఫెసర్ కళ్ళు చిట్లించి, ఆవిడ ఏమన్నారని అడిగాడు.

"ఏం లేదు సర్. నేనే ఇంకోసారి చూసుకుందామని ఆగాను. ఈలోగా మేడమ్ తొందరపడ్డారు."

అన్నాడు. స్విచ్ దగ్గర ఆమె నిలబడి ఉండగానే అన్నాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు. ఆమె నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో. చెప్పలేదు. తమ గురించి చెప్పుకోవడం చేతకానివాళ్ళకు, నిజం ఎప్పటికైనా దానంతట అదే బయటపడుతుందని ఒక పిచ్చి నమ్మకం ఉంటుంది. అదేదీ బయటపడలేదు. అతను ప్రయోగం చక్కగా పూర్తిచేశాడు. ఆన్ చెయ్యమన్నప్పుడు ఆమె చేసింది, ఆపమన్నప్పుడు ఆపింది.

ఫలితం వచ్చాక ప్రిన్సిపాల్ ఆమెను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే ఆమెకు అర్థమైంది. పనిలో మీకు వంక పెట్టేవాళ్ళు లేరమ్మా అని మొదలుపెట్టి, ఇంకొకరి పరీక్షలో కలగజేసుకున్నారని ప్రొఫెసర్ పట్టుబట్టారని, అలాంటి మనిషికి పోస్టు ఇస్తే రేపు మాట వస్తుందన్నారని నసిగాడు. నన్నక్కడ నిలబెట్టింది మీరే కదా అని ఆమె అడగలేకపోయింది. సరే సర్ అని బయటికి వచ్చేసింది. వరండా చివర కుళాయి దగ్గర మొహం కడుక్కుని, మధ్యాహ్నం క్లాసుకు వెళ్ళింది.

ఆమె ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాక అత్తగారు, "ఒక్క స్విచ్చే కదే, వేసేస్తే పోయేది" అంది. భర్త తల్లిని కసిరాడు. ఆయన తల్లిని కసరడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆమె మాత్రం అత్తగారి మీద కోపం తెచ్చుకోలేదు. ఆ రోజంతా తనూ అదే అనుకుంటూ ఉంది.

కాలేజీ తెరిచాక ఆ పోస్టులో కళ్ళజోడు చేరాడు. ఆమెను మళ్ళీ టెంపరరీగా రమ్మన్నారు, వెళ్ళింది. వెళ్ళకపోతే ఎవరికి నష్టం? మొదటి రోజే అతను ల్యాబ్‌కు వచ్చి, తలుపు దగ్గరకు వేసి, ఆమె ముందు నిలబడ్డాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకుంది. దానికి ఏం జవాబు చెప్పాలో కూడా మనసులో సిద్ధం చేసుకుంది.

"నాకు ఇవేవీ చేతికి రావు మేడమ్. పిల్లల ముందు నవ్వులపాలవుతాను. మీరే నేర్పాలి" అన్నాడు.

ఆ రోజు సంగతి ఎత్తనే లేదు. అప్పుడే పొమ్మని ఉంటే ఆమె బతుకు ఎలా ఉండేదో గానీ, ఆమె స్టూలు లాగి అతనికి వేసింది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఏ మీటరు ముల్లు ఎక్కడ ఇరుక్కుంటుందో, గోటితో ఎక్కడ తడితే కదులుతుందో చెప్పింది. ఏ పెట్టె చూపించేది ఒకటీ ఇచ్చేది ఒకటో చెప్పింది. పిల్లలు కొలవకుండా వండి రాసిన రీడింగులను పసిగట్టే కిటుకు చెప్పింది. నిజంగా కొలిచిన అంకె లెక్కతో అచ్చుగుద్దినట్టు కలవదని, మరీ అందంగా కలిస్తేనే అనుమానించమని చెప్పింది. తీగలు కలపడం, విప్పడం, చేతులు ఎక్కడ పెట్టకూడదో, అన్నీ. అతనికి తెలివి ఎప్పుడూ తక్కువ కాదు. చలికాలం వచ్చేసరికి, స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడి, పిల్లల వేలు ఎక్కడ తడబడుతోందో దూరం నుంచే చెప్పేవాడయ్యాడు. ఆమె చూసి సంతోషించింది కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

మరుసటి వేసవిలో కాలేజీ ఖర్చులు తగ్గించుకోవాలనుకుంది. ల్యాబ్ ఒక్కడివే చూసుకోగలవా అని ప్రిన్సిపాల్ కళ్ళజోడును అడిగాడు. చూసుకోగలను సర్ అన్నాడతను. ఈసారి అబద్ధం చెప్పలేదు.

ఆమెను ఇక రమ్మనలేదు. కాలేజీ తెరిచిన రోజు ఉదయం అలవాటుకొద్దీ లేచి తలదువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆగిపోయి, మంచం మీద కూర్చుండిపోయింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, ఈసారి ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్ళింది. భర్త డిపోకు పోతూ చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగాడు.

"అన్నీ ఎందుకు నేర్పావు? ఏదో ఒకటి నీ దగ్గర దాచుకోవాల్సింది" అన్నాడు.

"దాచుకుందామనే అనుకున్నానండీ" అంది. "ఏది దాచినా ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో చెయ్యి కాలుతుంది. ఏది దాచుకోను?"

ఆయన బస్సుల వేళైందని వెళ్ళిపోయాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. పోస్టు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.