దుప్పికి ఏనుగు తుపాకీ

యల్మరి తువోవినెన్ స్కూలు బస్సు నడుపుతాడు. గడ్డకట్టిన రోడ్ల మీద ముప్పై ఏళ్లుగా నడుపుతూ ఒక్కసారి కూడా బస్సును కాలవలోకి జారనివ్వని మనిషి. అంత నిదానస్తుడికీ ఆకులు పసుపెక్కగానే బుద్ధి గడ్డి తినేది. అక్టోబరులో మా పొల్లివార ఊరి వేటజట్టు అడవికి వెళ్లినప్పుడు ఆయన చోటు ఏడో నంబరు. అది బురదనేల అంచున ఉన్న చెక్కమంచె. అంతకుముందు ఆయన తండ్రిది. అడవిలో అంతకన్నా మంచి చోటు లేదు, మూస్ దుప్పి తప్పనిసరిగా దాని ముందునుంచే దాటాలి. గుర్రమంత ఎత్తు, నెత్తిన పారల్లాంటి కొమ్ములు, గుడ్డివాడికి కూడా కనబడే జంతువు. అయినా పదకొండేళ్లుగా యల్మరి గుళ్లన్నీ దాని చుట్టూ ఉన్న చెట్లకే తగిలాయి.

తప్పెవరిది? తుపాకీది. ఏడున్నర మిల్లీమీటర్ల గుండు సన్నమైపోయిందని ఎనిమిదిది కొన్నాడు. ఎనిమిదికి బలం చాల్లేదని తొమ్మిది దాటినది కొన్నాడు. గుండు లావయ్యే కొద్దీ దుప్పులు మరింత నిక్షేపంగా తిరిగాయి.

"ఏమయ్యా, తగిలితే కదా అది లావో సన్నమో దానికి తెలిసేది! తగలని గుండుకి సైజేంటి?" అంది ఆయన భార్య సైమి.

"నీకు తెలీదు ఊరుకోవే. ఎముకకి తగిలినా దూసుకుపోవాలి."

"ముందు తోలుకి తగలనీ."

ఈ ఏడు ఆయన కయానీ పట్నం వెళ్లి, అల్మారా వెనక దుమ్ము పట్టిపోయిన ఒక తుపాకీని కొన్నాడు. మూడువందల డెబ్బై అయిదు కాలిబర్. ఊరగాయ దోసకాయంత తూటా.

"ప్రయాణం ఎప్పుడండీ?" అన్నాడు కొట్టువాడు తుడుస్తూ.

"ఎక్కడికి?"

"ఆఫ్రికాకి. ఏనుగులకే కదా?"

యల్మరికి అది పొగడ్తలాగే వినబడింది. దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఈల వేసే సందర్భం మాత్రం కాదు. దుప్పిని కాల్చే ప్రతివాడూ మూడేళ్లకోసారి పరీక్ష పాసవ్వాలి. డెబ్బై అయిదు మీటర్ల దూరంలో అట్టదుప్పి, దాని గుండె మీద పళ్లెమంత గుండ్రం, తొంభై సెకన్లలో నాలుగు గుళ్లు. నాలుగూ అందులోనే పడాలి. యల్మరి ఎన్నోసార్లు కాల్చి ఎలాగో గట్టెక్కిన పాత పరీక్షకు గడువు తీరిపోయింది, సెప్టెంబరు చివరి ఆదివారమే ఆఖరి అవకాశం. జట్టు పెద్ద ఎస్కో స్వయానా సైమి అన్న. ఆయన ముందే చెప్పేశాడు.

"బావా, ఈసారి తప్పావంటే నిన్ను దుప్పుల్ని అదిలించేవాళ్లలో వేస్తాను. పొదల్లో కేకలేసుకుంటూ నడువు. ఏడో నంబరు మా అల్లుడికిస్తా."

ఆ అల్లుడు హెల్సింకీ నుంచి వచ్చినవాడు, అడవికి తెల్లబూట్లేసుకొచ్చే రకం. తండ్రి కూర్చున్న మంచె మీద ఆ తెల్లబూట్లను తలుచుకుంటే యల్మరికి అన్నం సయించలేదు.

ఆదివారం పరీక్ష జరిగే మైదానంలో పద్దెనిమిది మంది మగాళ్లు సాసేజీలు కాల్చుకుంటూ, కాఫీ తాగుతూ నిలబడ్డారు. సైమి అప్పటికే తన పరీక్ష పాసై, సాసేజీల్లోకి ఆవాలముద్ద గిన్నె తిప్పుతోంది. యల్మరి మొదటి ప్రయత్నంలో అట్టదుప్పి నిలబెట్టిన కర్ర విరిగింది. రెండో ప్రయత్నంలో అట్టకు ఏమీ కాలేదు. వెనకున్న మట్టిగట్టు మాత్రం బాగా దెబ్బతింది. మూడోసారికి ఆయన భుజం పట్టుకుని నిలబడితే, సైమి గిన్నె కింద పెట్టి వచ్చింది.

"ఇలా తే, తూటాలు నేను నింపుతా. నువ్వు ఆ భుజం సంగతి చూసుకో."

నింపి ఇచ్చింది. యల్మరి చెవులకు మూతలు పెట్టుకుని, కొయ్యస్తంభానికి ఆనుకుని, గురి చూశాడు. ఊపిరి బిగబట్టాడు. మీట నొక్కాడు.

టిక్.

అంతే చప్పుడు. కానీ యల్మరి ఎవరో గుండెల మీద తన్నినట్టు రెండడుగులు వెనక్కి తూలి, చెట్టుకు గుద్దుకుని, భుజం రుద్దుకున్నాడు.

"అబ్బబ్బా! చూశారా దీని దెబ్బ! తుపాకీ అంటే ఇదీ! ఎక్కడ తగిలిందో చూడు బావా!"

సాసేజీ కొవ్వు నిప్పుల్లో చిటపటలాడటం వినబడింది. ఎస్కో వెళ్లి తుపాకీ తెరిచి, మందులేని ఉత్తుత్తి తూటాను బయటకు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"బావా, తుపాకీ పేలలేదు. నువ్వే పేలావు."

యల్మరి చెవిమూతలు తీశాడు. భార్య వంక చూశాడు, తిట్టబోయి ఆగాడు. ముఖం బీట్‌రూట్ దుంపలా అయిపోయింది. నేలచూపులు చూస్తూ అన్నాడు.

"నాకు భయం. దాని తన్నుకి భయం. నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంటా. మొదటినుంచీ అంతే."

పాపం, పదకొండేళ్లు కడుపులో దాచుకున్న మాట. అల్లుడు కిసుక్కున నవ్వాడు. సైమి గిర్రున తిరిగింది.

"నా జేబులో ఇంకా నాలుగు ఉత్తుత్తి తూటాలున్నాయి. ఎవరైనా తమ సంగతి చూసుకుంటారా? నువ్వు రా నాయనా. అన్నయ్యా, నువ్వు?"

పద్దెనిమిది మందికీ ఒక్కసారిగా ఆవాలముద్ద మీద శ్రద్ధ పుట్టింది. ఎస్కో అయితే కాలని సాసేజీనే కొరికేశాడు.

సైమి తన ఆరున్నర మిల్లీమీటర్ల తుపాకీ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంత సన్నమా..."

"సన్నమే. నిన్ను తన్నే ఓపిక దానికి లేదు. కళ్లు మాత్రం మూశావంటే నేను తంతా."

నాలుగు గుళ్లు. నాలుగూ పళ్లెంలోనే పడ్డాయి. ఎస్కో రెండుసార్లు లెక్కపెట్టి, అల్లుడి వైపు చూడకుండా కాగితం మీద సంతకం చేశాడు.

వేట మొదలైన రోజు పొద్దున్నే పొగమంచు. యల్మరి సైమి తుపాకీతో మంచె మీద కూర్చున్నాడు. దూరంగా కుక్క మొరిగింది, కొమ్మలు విరిగాయి, దుప్పి బురదనేల మీదికి వచ్చి ఆగింది. ఆయన గురి చూశాడు. కళ్లు మూసుకోబోయాయి. మూసుకోనివ్వలేదు. మీట నొక్కాడు.

దాని భుజం మీద వెంట్రుకలు చెదిరాయి. అది రెండడుగులు వేసింది, ముందుకాళ్లు మడిచింది, మెల్లగా పక్కకు ఒరిగింది. యల్మరి బుగ్గల మీద నీళ్లు కారాయి. సంతోషమే, కానీ అంత పెద్ద ప్రాణి అలా ఒరగడం చూస్తే జాలి కూడా వేసింది.

జేబులో వాకీటాకీ గరగరలాడింది. ఎస్కో గొంతు.

"ఏడో నంబరూ, కాల్చింది నువ్వేనా? ఎటు పారిపోయింది?"

"ఎటూ పోలేదు బావా. పడిపోయింది."

"పడిందా! ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు యల్మరి ముక్కు తుడుచుకుంటూ. "నేనే చూశాను."