కార్మెల్ శ్రుతి గొట్టాలు

మా చెల్లెలు కార్మెల్ ఎంత మొండిదో నేను చెప్పనక్కర్లేదు, కిల్‌రష్ ఊరి నుంచి సముద్రం దాకా ఏ పాడి రైతునడిగినా చెబుతాడు. పాల ట్యాంకర్ తోలుతుంది. గాలి ట్యాంకర్‌ని రోడ్డు మీదినుంచి నెట్టేస్తున్నా సరే, పాలు ఎత్తకుండా వెనక్కి వచ్చే రకం కాదు. అలాంటిది ఒకరోజు సెనన్ హెహిర్ ఇంటికి పాలకోసం వెళ్ళి, ఎత్తడం మరిచిపోయి వాకిట్లో నిలబడిపోయింది. లోపల వంటింట్లో ఆయన పైపులు, అంటే మా తిత్తి వాయిద్యం, వాయిస్తున్నాడు. నోటితో ఊదేవి కావు, మా పైపులకి చంక కింద కొలిమితిత్తి ఆడించి గాలి నింపాలి. మర్నాటినుంచి ఇది ఆయన శిష్యురాలైపోయింది. అప్పటికే దానికి ముప్పై అయిదేళ్ళు. ఈ వయసులో ఇదేం పిచ్చే అన్నాను. చెవిన వేసుకుంటేగా!

సెనన్ దగ్గరున్నది సగం వాయిద్యమే. పాట పలికే గొట్టం ఒక్కటుంటే చాలదు. దాని కింద ఎడతెగకుండా శ్రుతి పలికే గొట్టాలు మూడు, చిన్నదీ నడిమిదీ పెద్దదీ, ఒడిలో అడ్డంగా పడుకుని ఉండాలి. వాళ్ళ మేనమామ ఉన్నన్నాళ్ళూ అన్నీ కలిసే ఉండేవి. ఆయన పోయాక సెననూ, వాళ్ళన్న జోసీ పొలాన్ని పంచుకున్నట్టే వాయిద్యాన్నీ పంచుకున్నారు. తిత్తీ పాట గొట్టమూ తమ్ముడికి, శ్రుతి గొట్టాలు అన్నకి. నీ వాటా నాకివ్వరా అని ఒకడూ అడగలేదు, ఇంకొకడూ ఇవ్వలేదు. ఇలాంటి బుద్ధితక్కువ పంపకం మా కౌంటీలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా జరిగి ఉండదు. జోసీ తన వాటా పట్టుకుని ఇంగ్లండు వెళ్ళాడు, అక్కడ ఎవరికి అమ్ముకున్నాడో ఏమో. సెనన్ మాత్రం జీవితమంతా శ్రుతి లేకుండానే వాయించి, వేళ్ళు బిగుసుకుపోయాక ఆ తిత్తినీ గొట్టాన్నీ కార్మెల్ చేతిలో పెట్టాడు.

కార్మెల్‌కి శ్రుతి దాని ట్యాంకర్ ఇంజినే. సముద్రపు ఒడ్డున బండి ఆపి, ఇంజిన్ ఆపకుండా, ఆ రొద మీద సాధన చేసేది. డీజిల్ ఇంతెందుకు తాగుతోందని పాల సంఘం మేనేజరు నిలదీస్తే, శ్రుతికి సార్ అందట. ఆయన దాన్ని ఏదో విడిభాగం అనుకుని ఊరుకున్నాడు.

ఆ తరవాత సెనన్‌కి చెవులు పోవడం మొదలైంది. ఒకరోజు పాఠం మధ్యలో చెయ్యెత్తి ఆపేశాడు. "నీ వేళ్ళు కనిపిస్తున్నాయే పిల్లా. పాట వినిపించట్లేదు. ఇంక నాతో ఏం పని, పో" అన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇస్తే, రేకు డబ్బాలు దొర్లిస్తున్నట్టుందని సొరుగులో పడేశాడు. పాఠాలు ఆగిపోయాయి. ఇది మాత్రం పాలకి వెళ్ళినప్పుడల్లా ఆ వంటింట్లో కూచుని టీ తాగి వచ్చేది, దిగులుగా.

అక్కడే దానికి ఆ సంగతి తట్టింది. ఇది వెళ్ళేసరికి పొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది. తలుపు కొడితే వినపడని మనిషికి ఇది వస్తోందని ఎలా తెలుస్తోంది? ఒకరోజు నన్ను ముందుగా ఆయనింటికి పంపింది. నేను చూశాను. కుక్క ఇంకా నిద్రలోనే ఉంది, ట్యాంకర్ సందు మలుపు తిరిగింది, ముసలాయన తలెత్తి లేచి కెటిల్ పెట్టాడు.

"సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయటక్కా, లావువి ఉంటాయట! చెవుల డాక్టరమ్మ చెప్పింది" అని ఆ రాత్రి నా తల తినేసింది. శ్రుతి గొట్టాలు ఉంటే ఆయనకి వినపడతాయి. పెద్దదైనా వినపడుతుంది. ఇక దానికి కాలు నిలవలేదు.

మా దేశంలో అవి చేసేవాళ్ళనడిగితే, ఏళ్ళ తరబడి వరస ఉంది, పేరు రాసుకుంటామన్నారు. సెనన్‌కి ఎనభై ఎనిమిది. ఆయన అన్నాళ్ళు ఉంటాడని ఎవరు రాసిస్తారు? వెతగ్గా వెతగ్గా జపాన్‌లో, హొక్కైడోలో, పైపులు చేసే నగాయ అనే ఒకాయన దొరికాడు. ఊళ్ళో నవ్వని వాడు పాపాత్ముడు. బంగాళాదుంపలూ వర్షమూ కూడా అక్కణ్ణించే తెప్పించుకుంటావా అని పబ్‌లో దాన్ని ఏడిపించారు. నేనూ తక్కువ తినలేదు, ఎన్ని డబ్బులు పోస్తున్నావే అని ఒంటికాలి మీద లేచాను. అడగొద్దంది.

ఆ నగాయ మహా చాదస్తుడు. సెనన్ గొట్టం ఏ లెక్కకీ అందని పాత శ్రుతి కాబట్టి ఫోన్లో వాయించి వినిపించమన్నాడు. చల్లగా ఉన్నప్పుడొకసారి, పొయ్యి పక్కన ఒకసారి, వాన రోజు ఒకసారి, ఎండ రోజు ఒకసారి. మిగతావన్నీ ఒక్క రోజులో అయిపోయాయి, ఎండ కోసమే ఆగాల్సి వచ్చింది.

పార్సిల్ వచ్చిన రోజు కార్మెల్ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పెట్టె విప్పితే, అబ్బ, ఏం పనితనం! నల్లటి కర్ర, ఇత్తడి కట్లు. ముట్టుకునేముందు చేతులు కడుక్కొచ్చాను. అప్పటిదాకా తిట్టిన నోరు నాది, మూసుకుంది. అవి ఆయన వినాలనే తెప్పించిందన్న అసలు సంగతి సెనన్‌కి చెప్పనివ్వలేదు కార్మెల్. చెబితే దీని మనసు నొప్పించకూడదని, వినపడకపోయినా వినపడిందంటాడట. అదీ నిజమే.

తీరా ఆయన వంటింట్లో బిగించి గాలి పెడితే ఒక్కటీ పలకలేదు. పెద్దది ఒకసారి ఆవు తేన్చినట్టు తేన్చి ఊరుకుంది. కార్మెల్ ముఖం పాలిపోయింది. సెనన్ చూసి, జపాను వాళ్ళకి వేరే పనిలేదా అని గొణిగి పొయ్యి వైపు తిరిగాడు. నగాయకి ఫోను చేస్తే, లోపల స్వరం పలికే రెల్లు పీకలకి మా చెమ్మగాలి కొత్తట, ముట్టుకోకుండా అదే గదిలో కొన్నాళ్ళు ఉంచమన్నాడు. వాటిని సెనన్ అల్మైరా మీద, పళ్ళేల పక్కన పెట్టి వచ్చాం. ఆ రోజుల్లో కార్మెల్‌కి తిండీ లేదు, నాకు నిద్రా లేదు. అవి పలకడం ఒక ఎత్తు. పలికినా ఆయనకి వినపడకపోతే? ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా నా కారులో వెళ్ళాం. ట్యాంకర్ కావాలనే తీసుకురాలేదు. సెనన్ మాకు వీపు పెట్టి పొయ్యిలో, కట్టెల బదులు మేం కాల్చే మట్టిగడ్డలు సర్దుకుంటున్నాడు. కార్మెల్ గొట్టాలు దించుకుని, ఆయన వెనకాల స్టూలు మీద కూచుని పైపులు కట్టుకుంది. తిత్తి నింపింది. చిన్న గొట్టం పలికింది! సన్నగా, నిలకడగా. ముసలాయన కదల్లేదు. నడిమిది కలిసింది. ఊహూ, మట్టిగడ్డ అటు తిప్పి ఇటు పెట్టాడు. కార్మెల్ నావైపు చూసి, పెద్దదాని నోరు మూసిన వేలు తీసింది.

అల్మైరా మీద పళ్ళేలు జివ్వుమన్నాయి. నా కాళ్ళ కింద బండ కూడా పలికిందనిపించింది. సెనన్ చేతిలో మట్టిగడ్డ ఆగిపోయింది. మెల్లగా లేచాడు. కెటిల్ అందుకుని నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. పెట్టి, కిటికీలోంచి సందు వైపు చూశాడు. నా కారు తప్ప ఏమీ లేదక్కడ.

"లారీ ఎక్కడ పెట్టావే?" అంటూ వెనక్కి తిరిగాడు.

అది ఆయన వైపే చూస్తోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, చంక కింద తిత్తి మాత్రం ఆపలేదు. దాని ఒడిలో గొట్టాలు చూసి ఆయన అలాగే నిలబడ్డాడు. తరవాత అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, వంగి, పెద్ద గొట్టం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. ఏదో పెద్ద మాట అంటాడనుకున్నాను, జోసీ పేరెత్తి ఏడుస్తాడేమో అనుకున్నాను.

ఆయన మొహం చిట్లించాడు.

"పెద్దది కాస్త శ్రుతి దిగింది. లోపలికి నెట్టు" అన్నాడు.

కార్మెల్ నెట్టింది. ఇంకాస్త అని వేలితో చూపించాడు. ఇంకాస్త నెట్టింది. చాలని తలూపి, తన కుర్చీని బరబరా లాక్కొచ్చి దాని వేళ్ళు కనబడేలా ఎదురుగా వేసుకుని, పాత రోజుల్లోలాగే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు.

"ఊఁ. మనం ఆపిన చోటినుంచి" అన్నాడు.